మిషను జారిందా, జంగమ్మ జారిందా?

తాండూరులో గణేశ్ రికార్డింగ్ గది చూస్తే నవ్వొస్తుంది. గోడలకు గుడ్ల అట్టలు కొట్టిన చిన్న గది అది. జాతర పాటలు అందులోనే తయారవుతాయి. పాడేదెవరనుకున్నారు? వాళ్లమ్మ జంగమ్మ! కొడంగల్ బీళ్లలో నలభై ఏళ్లు గొర్రెలు కాసిన మనిషి. ఆమె కేకేస్తే ఎంత దూరంలో ఉన్న మందైనా వెనక్కి తిరగాల్సిందే. అంత గొంతు పక్కన గణేశ్ కీబోర్డు డొల్లగా మోగేది. అందుకే అతనికి అనలాగ్ సింథసైజర్ పిచ్చి పట్టింది. లోపలి కరెంటుతోనే అప్పటికప్పుడు స్వరం పుట్టించే వాయిద్యం అది.

కొడుకు గోల పడలేక జంగమ్మ గొర్రెపిల్లల్ని అమ్మింది. ముప్పై ఐదు వేలు వచ్చాయి. ఇక అంతకు మించి పైసా లేదు.

"కొనేకాడికి నేను గూడ వస్త," అంది.

వికారాబాద్‌లో పాత వాయిద్యాలు అమ్మే శివశంకర్ రెండు మిషన్లు చూపించాడు. ధర రెండింటికీ అదే. చిన్నది కొత్తదే గానీ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. పెద్దది పాతది, ఐదు స్వరాలు కలిపి పలుకుతుంది. మోగించగానే గణేశ్ ఒళ్లు ఝల్లుమంది. చెప్పొద్దూ, అక్కడే మనసు పారేసుకున్నాడు.

"జల్దీ చెప్పు తమ్మీ. దీనికోసమే మోమిన్‌పేట్ నుంచి ఒకాయన బస్సెక్కిండు. మళ్ల వాపస్ మాత్రం తీసుకోను," అన్నాడు శివశంకర్.

గణేశ్ డబ్బు తీయబోతే జంగమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆగుర! గొర్రెను నిలబెట్టి చూసి కొంటమా? జర దూరం నడిపించి చూస్తం. దీన్ని గూడ నడిపించు."

ఒక మీట నొక్కి వదలకుండా మోగించమంది. దానితో శ్రుతి కలిపి, మందను పిలిచే కేక అందుకుంది. ఊపిరికి ఆగుతూ, మళ్లీ అదే స్వరం ఎత్తుకుంటూ అరగంట గడిపింది. ఇంతలో శివశంకర్ ఫోన్ మోగింది. మోమిన్‌పేట్ ఆయన బస్టాండులో దిగాడట. గణేశ్ రెండో చెయ్యి డబ్బున్న జేబు మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే గొంతుకూ మిషనుకూ పొసగడం మానేసింది.

శివశంకర్ నవ్వాడు. "మిషన్ మంచిగనే ఉన్నదమ్మా. నీ గొంతే జారుతున్నది. వయసయింది గద!"

జంగమ్మ కొడుకు వైపు చూసింది.

"అవునమ్మా, జర అలిసినట్టున్నవ్," అనేశాడు గణేశ్. ఆ పెద్ద మిషను మీది ఆశే అతనితో అట్లా అనిపించింది.

జంగమ్మ మళ్లీ అదే స్వరం ఎత్తుకుంది. గణేశ్ ఇక ఉండలేకపోయాడు. శ్రుతి కొలిచే యాప్ ఫోన్‌లో ఉంది. నిజం ఎక్కడ బయటపడుతుందోనని ఇంతసేపూ దాన్ని తీయలేదు. ఇప్పుడు మీట వదిలి, ఫోన్ అమ్మ నోటి దగ్గర పెట్టాడు. మొదట ఎత్తుకున్న స్వరం మీదే ఉందామె. తర్వాత మళ్లీ అదే మీట నొక్కి మిషను దగ్గర పెట్టాడు. వేడెక్కిన మిషను స్వరం కిందికి జారిపోయింది.

శివశంకర్ ముఖం తిప్పుకున్నాడు. చిన్నదాన్నీ అరగంట మోగించారు. అది కదల్లేదు. గణేశ్ దాన్నే కొన్నాడు.

తిరుగు బస్సులో, "నువ్వు రాకుంటే మునిగిపోతుంటినమ్మా," అన్నాడు.

జంగమ్మ కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"ఆయనంటే అమ్ముకునేటోడు, ఏదన్న అంటడు. నా పాలు తాగినోనివి, నువ్వెట్ల అన్నవ్ ర?"