జడ్జిగారింట్లో నా సాక్ష్యం

నా ఎస్సెల్సీ మార్కుల బుక్కు నాది కాదని నేనే సాక్ష్యం చెప్పిన రోజు కథ ఇది. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం నా చొక్కా పిండితే చెంబెడు చెమట వచ్చేది.

ఇంకా తెల్లదొరల ఏలుబడి సాగుతున్న రోజులు. మా మాచవరంలో కాలేజీ మొహం చూసినవాడు లేడు. చెన్నపట్నం కాలేజీలో చేరాలంటే, అక్కడ చదువుకున్న పెద్దమనిషి ఎవరైనా మనతో మాట్లాడి చూసి ఉత్తరం రాయాలట. మా వైపు అలాంటివారు ఒక్కరే, నరసరావుపేటలో ఉండే రిటైరైన జడ్జిగారు. ఆయన రాయకపోతే నాకు నాగలే గతి.

నన్ను వెంటబెట్టుకెళ్ళింది మా కోటయ్య మామయ్య. చుట్టుపక్కల ఏ గట్టు తగాదా కోర్టుకెక్కినా సాక్షి ఆయనే. దారి పొడుగునా నాకు పాఠం చెప్పాడు.

"ఒరేయ్, పెద్ద జడ్జితో యవ్వారం. కాయితం చూపిస్తే నాది కాదను. గుచ్చి అడిగితే గుర్తు లేదను. ఎవురు నేర్పారంటే ఎవురూ నేర్పలేదను. నువ్వు మాత్రం ఎదురు ప్రశ్న వెయ్యమాక!"

మామయ్య అరుగు మీద ఆగిపోయాడు. నేను లోపలికెళ్ళి కొయ్యబారిపోయాను. నేల నుంచి దూలాల దాకా పుస్తకాలే! మా ఊరంతా గాలించినా నాలుగు పంచాంగాలు దొరుకుతాయేమో. వాటి మధ్య తెల్ల మీసాల జడ్జిగారు. నా మార్కుల బుక్కు ఆయన చేతికిచ్చాను.

"ఈ బుక్కు నీదేనా అబ్బాయ్?"

"నాది కాదండీ."

"మీద నీ పేరుందే?"

"గుర్తు లేదండీ."

"నీ పేరే గుర్తు లేదా! ఇదంతా ఎవరు నేర్పారయ్యా?"

"ఎవరూ నేర్పలేదండీ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పోనీ, నన్నేమైనా అడుగుతావా?"

అడగొద్దనే మామయ్య చెప్పాడు. కానీ ఆ పుస్తకాల ముందు నిలబడి ఎలా ఊరుకుంటాను, మీరే చెప్పండి.

"ఆ కాలేజీలో కూడా ఇన్ని పుస్తకాలుంటాయాండీ? నాలాంటివాణ్ణి ముట్టుకోనిస్తారా?"

జడ్జిగారి మొహం మెత్తబడింది. "ఇంతకు పదింతలుంటాయిరా. మొదటిరోజు నేను గుమ్మంలోనే చెప్పులు విడిచాను," అన్నారు. ఆయన అప్పటికప్పుడు ఇంగ్లీషులో ఉత్తరం రాసి, తెలుగులో నాకు చెప్పారు: "ఈ కుర్రవాడు చెప్పినవన్నీ అబద్ధాలే. అడిగింది మాత్రం నిజం. చేర్చుకోండి."

బయట మామయ్య ఎగిరి గంతేశాడు. "చూశావంట్రా, నేను చెప్పినట్టు చెప్పావు గాబట్టే నెగ్గాం!"

లోపలి నుంచి జడ్జిగారి గొంతు వినబడింది. "ఆ గొంతు ఎక్కడో విన్నానే. కోటయ్యా, నువ్వేనా?"

మామయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కోటయ్య ఎవురో నాకు తెలవదండీ!"

దేవుడి ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇక ఈ జన్మలో నా పేరు నాది కాదనను. మామయ్య పేరైతే మాత్రం, గుర్తు లేదండీ.