మేక వంటింట్లోకి మారిన చలికాలం

జూరకాన్ ఇరవై రెండేళ్లపాటు ఊరు ఊరంతటికీ వేడి పంచిన మనిషి. గని నడిచినన్నాళ్లూ ఊరి చివర బాయిలర్ హౌసులో ఆమె పార పట్టి బొగ్గు వేస్తే నలభై భవనాల్లో గొట్టాలు కాలేవి. బయట మైనస్ ముప్పై ఉన్నా లోపల జనం పల్చటి చొక్కాలతో తిరిగేవాళ్లు. "జూరా, కాస్త తగ్గించవే తల్లీ, ఉడికిపోతున్నాం!" అని బజార్లో ఆడవాళ్లు గోల పెట్టేవాళ్లు. ఆ గోల గుర్తొస్తే ఇప్పుడు ఆమెకి ఒళ్లు మండుతుంది. గని మూతపడింది, బాయిలర్ మూతపడింది, గొట్టాల్ని కోసి పాత ఇనుముకి అమ్ముకు తిన్నారు మహానుభావులు. ఇక ఎవరింటి వేడి వాళ్లే చూసుకోవాలి.

అరవై నాలుగేళ్లు వచ్చేసరికి ఆమెకి మిగిలింది ఒక్క మేక. పాలిచ్చే మేక కాదు లెండి. ఆస్బెస్టాస్ గొట్టానికి తీగ చుట్టి, ఇనుప కాళ్లు తగిలించిన కరెంటు పొయ్యి. ప్లగ్గు పెడితే ఎర్రగా కాలుతుంది. ఎంత పెట్టినా ఇంకా మేస్తానంటుంది కాబట్టి ఊళ్లో అందరూ దాన్ని మేక అనే అంటారు.

ఆ ఏడు కరెంటు రేటు పెంచారు. నెలకి ఇంతవరకూ చవక, అది దాటితే రెట్టింపు పైన గుంజుతామన్నారు. ఆ హద్దు గీసినవాడెవడో గానీ, జనవరిలో ఈ కొండల్లో ఒక్క పూట కూడా ఉన్నవాడు కాదు. మేకని ఆపకుండా ఉంచితే ఇరవయ్యో తారీకుకే హద్దు దాటుతుంది. ఆపితే మొల్డాలీ దక్కడు.

మొల్డాలీ ఆమె మొగుడు. గనిలో మింగిన దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పెట్టుకుని మంచం పట్టాడు. చల్లగాలి తగిలితే చాలు, దగ్గు తెరలు తెరలుగా వచ్చి పెదాలు నీలం తిరుగుతాయి. "గది వెచ్చగా ఉంచితే వసంతం చూస్తాడు పెద్దమ్మా. లేకపోతే నన్నేం అడగొద్దు" అని నర్సు తుర్సునై మొహమాటం లేకుండా చెప్పేసింది. అంతే, ఆ చలికాలం జూరకాన్‌కి ఇంకో ధ్యాస లేదు. ఎలాగైనా మొగుణ్ణి మార్చి దాకా లాక్కెళ్లాలి.

వాళ్లది మూడో అంతస్తులో చివరి ఇల్లు. మూడువైపులా గాలే. నాలుగోవైపు గోడకి అవతల మాత్రం మనుషులున్నారు. ఎవరనుకున్నారు, సాక్షాత్తూ వియ్యపురాలు కల్బూబూ! పక్కింటి సంబంధం, పిల్ల కళ్ల ముందే ఉంటుంది అని పెళ్లినాడు ఊరంతా మెచ్చుకుంది. జూరకాన్ కొడుకు తలాయ్ సైబీరియాకి పనికని వెళ్లి, అక్కడ ఇంకొకతెతో కాపురం పెట్టాడు. ఏడాదిగా డబ్బూ లేదు, ఫోనూ లేదు. కోడలు నజీరా మూడేళ్ల కూతురు మీరిమ్‌ని చంకనేసుకుని, పది అడుగులు నడిచి తల్లి ఇంటికి వెళ్లిపోయింది. ఆనాటి నుంచీ రెండిళ్ల మధ్య మాటల్లేవు.

మాటల్లేకపోయినా వియ్యపురాలు వియ్యపురాలే. ఆవిడ గడప తొక్కితే గుమ్మానికి దూరంగా, పై చోటున కూర్చోబెట్టాలి. ఉన్నదంతా ఊడ్చి ముందు పెట్టాలి. వెళ్లేటప్పుడు భుజాన కొత్త బట్ట వేసి పంపాలి. ఇంట్లో పిండి నిండుకున్న సంగతి లోకానికంతటికీ తెలిసినా ఫర్వాలేదు గానీ వియ్యపురాలికి తెలిస్తే తల తీసేసినట్టే. ఆ ఊళ్లో ఆడవాళ్లంతా అలా పెరిగినవాళ్లే.

కరెంటు మీటర్లు మెట్ల దగ్గర గోడపెట్టెలో ఉంటాయి. ఎవరి చక్రం ఎంత తిరుగుతోందో ఎక్కుతూ దిగుతూ అందరూ చూడొచ్చు. డిసెంబరులో ఒకరోజు జూరకాన్ తన మీటరు చూసుకుంటుంటే పక్కన కల్బూబూది కంటపడింది. తన చక్రం పిచ్చెక్కినట్టు తిరుగుతోంది. కల్బూబూది కదలటం లేదు. మర్నాడూ చూసింది, కదల్లేదు. వారంపాటు చూసింది. రాత్రిళ్లు వాళ్ల కిటికీలో బల్బు వెలుగుతూనే ఉంది, ఒక్క బల్బుకి చక్రం కదిలినా కంటికి ఆనదు. ఓహో, ఇదా సంగతి, అనుకుంది. తన మేక గోడకి ఆనుకుని కాలుతుంటే, ఆ గోడ వేడితో అవతల పైసా ఖర్చు లేకుండా కాపురం చేస్తోందన్నమాట!

ఆ మధ్యాహ్నమే కల్బూబూ మెట్ల మీద ఎదురుపడింది.

"ఏం వదినా, మీ ఇంట్లో అప్పుడే ఎండాకాలం వచ్చేసిందా? మీటరు గుర్రు పెట్టి నిద్రపోతోంది!"

కల్బూబూ బకెట్టు కింద పెట్టి, తలగుడ్డ సర్దుకుంది. "మాకు చలి తెలీదు వదినా. మా రక్తం వేడి."

"రక్తమా, నా గోడా? మేకని మేపేది నేను, పాలు పిండుకునేది నువ్వా?"

"పిండుకుంటే ఏం? నీ కొడుకు నా కూతుర్ని పిండుకుని అవతల పారేశాడు చూడు, దాని ముందు ఇదెంత?"

కొడుకు మాట ఎత్తేసరికి జూరకాన్ గిరుక్కున వెనక్కి తిరిగింది. మొహం చెల్లక ఇంట్లోకొచ్చి తలుపు ధడాలున వేసింది. సిగ్గు దాచుకోవడానికి కోపాన్ని ఇంకాస్త ఎగదోసుకుంది. వెంటనే మేక ప్లగ్గు పీకి, దాన్ని ఈడ్చుకుంటూ ఇంటికి ఆ చివరనున్న వంటింట్లోకి పట్టుకెళ్లింది. ఇంకో పరుపు కూడా అక్కడికే లాగింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు మొల్డాలీ.

"వంటిల్లు చిన్నది. తొందరగా వేడెక్కుతుంది, కరెంటూ తక్కువ లాగుతుంది. లే, మారదాం."

"ఆ గోడకి అవతల పిల్ల పడుకుంటుంది."

"అయితే? వాళ్లకి మీటరు లేదా, ప్లగ్గు లేదా? వాళ్లు దాచుకుంటుంటే మనం తగలెయ్యాలా?"

"నేను గోడ మీద మూడుసార్లు కొడితే అది కూడా మూడుసార్లు కొడుతుంది. రోజూ." మొల్డాలీ ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "ఎవరి పిల్లో మర్చిపోకే."

జూరకాన్ మనసు ఒక్క క్షణం వెనక్కి లాగింది. లాగలేదంటే అబద్ధం. కానీ మెట్ల మీద తిన్న మాట ఇంకా చెవిలో మండుతోంది. "ముందు నువ్వు బతుకు. తర్వాత అందర్నీ గుర్తు పెట్టుకుందువు గాని" అని చంకల కింద చేతులేసి లేపింది.

వంటిల్లు నిజంగానే పనిచేసింది. మొల్డాలీ దగ్గు తగ్గింది, పెదాలకి రంగొచ్చింది. మీటరు చక్రం నెమ్మదించింది. నెల హద్దు దాటలేదు. ఇన్నాళ్లకి నా బుర్ర పనిచేసింది అని జూరకాన్ తెగ మురిసిపోయింది.

జనవరి రెండో వారంలో చలి విరుచుకుపడింది. తొమ్మిది రోజులు ఊరు బిగుసుకుపోయింది. పదో రోజు పొద్దున జూరకాన్ రొట్టెలు కొనుక్కుని మెట్లెక్కుతుంటే, పైనుంచి నజీరా దుప్పట్ల మూట ఎత్తుకుని పరుగున దిగింది. మూటలోంచి చిన్న ఎర్రటి మొహం, గురగురమనే ఊపిరి. వెనకాల కల్బూబూ ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో దిగింది. ఇద్దరూ జూరకాన్ వంక చూడనైనా చూడలేదు. కింద అంబులెన్సు తలుపు పడింది.

రెండో అంతస్తులో ఉండే రష్యన్ ముసలమ్మ వాలెంటీనా గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

"ఏమైంది వాలెంటీనా?"

"ఏమవుతుంది? ఐసుగడ్డలో పడుకోబెడితే పిల్లకేమవుతుంది? అక్టోబరులోనే వాళ్ల కరెంటు కోసేశారు జూరా, బాకీ కట్టలేదని. మా ఇంట్లోంచి బల్బుకి ఒక వైరు లాగిచ్చాను. పొయ్యి పెట్టుకోమంటే నా పాత వైరింగు కాలిపోతుందని వద్దంది."

"నాకు చెప్పలేదే నువ్వు!"

"రొట్టె చేతిలో పెట్టి, దాని మీద ఒట్టు వేయించుకుంది. మా వియ్యపురాలికి తెలిస్తే నేను బతకను అంది. ఎలా చెప్పను?"

పిల్ల బట్టలు ఆసుపత్రికి పంపాలని వాలెంటీనాకి తాళం ఇచ్చివెళ్లారు. ఇద్దరూ పైకెళ్లి తలుపు తీశారు. బయటకంటే లోపలే చలి ఎక్కువగా అనిపించింది. బల్ల మీద లోటాలో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. మంచాన్ని మధ్యగోడకి అంటుకుపోయేలా జరిపి, దానిమీద ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ పరిచారు. ముగ్గురూ ఆ ఒక్క మంచం మీదే సర్దుకున్నారని చూస్తేనే తెలుస్తోంది. జూరకాన్ గోడ మీద అరచెయ్యి వేసింది. వాల్‌పేపరు మీద సన్నటి మంచు పొర ఉంది. చెయ్యి తీస్తే ఐదు వేళ్ల అచ్చు పడింది. "ఓరి నాయనోయ్, ఎంత పని చేశాను!" అంది.

మర్నాడు మాంసం పులుసు సీసాలో పోసుకుని ఆసుపత్రికి వెళ్లింది. మీరిమ్‌కి సెలైన్ ఎక్కుతోంది. కల్బూబూ మంచం పక్కన బిగుసుకుని కూర్చుంది.

"వదినా, నాకు తెలీదు" అంది జూరకాన్.

"తెలీకూడదనేగా దాచింది."

"ఒక్క మాట అని ఉంటే..."

"ఏమనను? నీ కొడుకు వదిలేస్తే మేం చీకట్లో కూర్చున్నామని నీ దగ్గరకొచ్చి దేబిరించనా? పక్కనే ఉన్నావు కదా, ఏడాదిలో ఒక్కసారైనా తలుపు తట్టావా, పిల్ల తిన్నదా అని?"

జూరకాన్ పులుసు సీసా కిటికీలో పెట్టింది. "మా ఇంటికొచ్చెయ్యండి. ఆ వంటింట్లోనే అందరం సర్దుకుందాం" అంది.

"నా కూతురు ఆ గడప ఎలా తొక్కుతుంది? కోడలిగానా, ముష్టిదానిగానా?"

మీరిమ్ కళ్లు తెరిచింది. పక్కనున్న గోడ తడిమింది. "అమ్మమ్మా, మనం ఇక్కడే ఉండిపోదామా? ఇక్కడ అన్ని గోడలూ వెచ్చగా ఉన్నాయి."

కల్బూబూ మొహం తిప్పుకుంది. పులుసు సీసా కిటికీ దగ్గరే చల్లారిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు.

పిల్ల బతికింది. కానీ ఎడమవైపు ఊపిరితిత్తి పాడైందని, ఇక జన్మలో చలి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. నాలుగేళ్ల పిల్లకి, గొట్టాలే లేని ఈ కొండ ఊళ్లో చలి తగలకుండా ఎలా! ఫిబ్రవరిలో నజీరాకి రాజధానిలో కుట్టుపని దొరికింది. ముగ్గురూ రెండు సంచులతో వ్యాను ఎక్కారు. జూరకాన్ కొత్త ఉన్ని శాలువా పట్టుకుని కిందికి పరుగెత్తింది. వియ్యపురాలు ఇచ్చిన బట్ట కాదనడానికి లేదు కాబట్టి కల్బూబూ రెండు చేతులతోనూ పుచ్చుకుంది. పుచ్చుకుని, సాగనంపడానికొచ్చిన వాలెంటీనా భుజాల మీద కప్పింది. "నీ బల్బు వెలుతురికి, అక్కా" అని వ్యాను ఎక్కేసింది.

మార్చి వచ్చింది. చూరుల నుంచి నీళ్లు కారుతున్నాయి. నర్సు తుర్సునై వచ్చి మొల్డాలీ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"పెద్దమ్మా, నీకు పతకం ఇవ్వాలి! ఈయన ఈ చలికాలం దాటతాడని నేననుకోలేదు, నిజం. ఏం చేశావసలు?"

జూరకాన్ చాయ్ పోస్తోంది. జనవరి నుంచీ పెళ్లాంతో అవసరానికి మించి పలకని మొల్డాలీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బదులిచ్చాడు.

"మనవరాలి వంతు కూడా నాకే పెట్టింది."

తుర్సునైకి అర్థం కాలేదు. "అదృష్టవంతుడివి పెద్దయ్యా" అని నవ్వి, చాయ్ అందుకుంది.