కోతకు పోయిన చివరి పేరా

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నేను ఒక తెలుగు దినపత్రికకు కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో స్టాఫ్ రిపోర్టరుగా ఉన్నాను. కోలారులో మామిడి రైతుల సదస్సు జరిగితే వార్త రాయడానికి వెళ్లాను. మామిడాకులో మాంజిఫెరిన్ అనే పదార్థం ఉందని, దాన్ని విడదీసి ఎలుకలకు ఇస్తే ఊపిరితిత్తుల వాపు తగ్గిందని అక్కడ ఒక శాస్త్రవేత్త చెప్పాడు. మనుషుల్లో పనిచేస్తుందో లేదో ఇంకా తేలలేదని, ఆకు కషాయం దానికి సాటి కాదని, వాడుతున్న మందులు మానవద్దని కూడా విడమరిచి చెప్పాడు.

అన్నీ రాశాను. మామిడాకు గుణం మొదటి పేరాలో పెట్టాను. ఎలుకల సంగతి, వాడుతున్న మందులు మానవద్దన్న హెచ్చరిక చివరి పేరాలో పెట్టాను.

పత్రికల్లో వార్తను కింది నుంచి కోస్తారు. సాయంత్రం ప్రకటన వచ్చి చోటు తగ్గితే, పేజీ చూసే సబ్ ఎడిటర్ చివరి పేరా తీసేస్తాడు. చదివి తీయాలన్నది నియమం. ఆ రోజు చదవకుండానే తీసేశారు. మర్నాడు జిల్లా పేజీలో శీర్షిక: ‘ఊపిరితిత్తులకు మామిడాకు రక్ష’.

రెండు వారాలకు కేజీఎఫ్‌లోనే ఉన్న ఊరిగాం నుంచి లక్ష్మమ్మ అనే ఆమె ఆఫీసుకు వచ్చింది. భర్త మునివెంకటప్ప గనిలో డ్రిల్లింగ్ చేసినవాడు. రాతిధూళి పట్టిన ఊపిరితిత్తులతో, ఇన్‌హేలర్ మీద నెట్టుకొస్తున్నాడు. ఆమె కత్తిరించి తెచ్చిన వార్తను నా బల్ల మీద పెట్టింది.

“నువ్వేనా అప్పా రాసింది? ఇది చూసి ఆ పీల్చే పంపు మూలకేసినాడు. దినామూ మూడు లోటాల కషాయం! వద్దంటే, పేపర్లో ఊరికే వేస్తారా అని నా మీదికే వచ్చినాడు. ఇప్పుడు ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి ఉండారు. ఇంగ నువ్వే వచ్చి చెప్పు. నా మాట యాడ వింటాడు?”

వెళ్లి చెప్పాను. మునివెంకటప్ప మాస్కు పక్కకు లాగాడు. “ఎలుకలకా? మొదలే చెప్పకూడదా అప్పా! నేనూ గనిలో ఎలుకల పక్కనే కదా బువ్వ తిన్నింది, నాకూ పట్టతాదిలే,” అని దగ్గుతూ నవ్వాడు. లక్ష్మమ్మ నవ్వలేదు. మళ్లీ ఇన్‌హేలర్ వాడతానని ఆమెకు మాటిచ్చాడు. అంతకుముందు సంతకు నడిచి వెళ్లొచ్చే మనిషి, ఆక్సిజన్ సిలిండర్‌తో ఇల్లు చేరాడు.

వార్త వచ్చిన పేజీలోనే సవరణ వేయాలని రాసి పంపాను. జవాబు లేకపోతే ఫోన్ చేశాను. వార్తలో అబద్ధమేముంది సార్ అన్నాడు, వార్తలు దిద్ది పేజీలు కూర్చే డెస్క్ ఇన్‌చార్జి. ఒళ్లు మండింది. ఒక మనిషి ఊపిరి పోతోందయ్యా అని అరిచాను. అతను గొంతు పెంచలేదు. “అంత ముఖ్యమైన మాటను మీరు చివర్లో ఎందుకు పెట్టారు సార్?”

సవరణ నాలుగు రోజులకు, వేరే పేజీలో, రెండు వాక్యాలుగా వచ్చింది. ఎలుకల ఊసు అందులోనూ లేదు. ఆ డెస్క్ మీద కోపం నాకు ఇవాళ్టికీ తగ్గలేదు. ఆ ఇన్‌చార్జి అడిగిన ప్రశ్నకు జవాబూ దొరకలేదు. ఆ తర్వాత ఏ మందు గురించి రాసినా, దాన్ని ఎవరి మీద పరీక్షించారో మొదటి వాక్యంలోనే రాశాను. వార్తలో పస తగ్గుతోందని డెస్క్ నుంచి ఫోన్లు వచ్చేవి. నేను మార్చలేదు.