ఎన్నణాలు ఆపా?

మా ఆపా పోయింది. శుక్రవారం తెల్లారి ఆమె తమ్ముడు దవాఖాన నుంచి వచ్చి, మెట్ల కింద నిలబడి పైకి చూస్తూ, "బిడ్డా, ఆపా ఇంక లేదు" అన్నాడు. ఆపరేషన్ అయినంక ఆమె కళ్ళే తెరవలేదట. నేను "సరే భాయ్" అన్నాను. చావు కబురుకు సరే అని జవాబు చెప్పినదాన్ని నేనొక్కదాన్నేనేమో. ఆయన వెళ్ళిపోయాక గానీ నాకు ఏడుపు రాలేదు.

ఆపా అంటే అక్క. వరసకు నాకేమీ కాదు. కాశిబుగ్గలో ఆమె ఇంటి మీది గదిలో నేను అద్దెకుంటాను. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తూ పీహెచ్‌డీ సీటు కోసం ప్రయత్నిస్తున్నాను. ఆమె జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైంది. వీధి వీధంతా, ముసలివాళ్ళతో సహా, ఆమెను ఆపా అనే పిలిచేది. పై చదువులకు అప్లై చేసే పిల్లలెవరైనా ముందు ఆమె వరండాలో కూర్చోవాల్సిందే.

"చాన్సుందా ఆపా?" అని అడిగితే ఆమెకు నచ్చేది కాదు. "ఉందా లేదా అంటే ఏం చెప్పాలె? ఎన్నణాలుందో అడుగు" అనేది. పదహారణాలంటే రూపాయి పూర్తయినట్టు, సీటు ఖాయమన్నట్టు. సీట్లెన్ని, మార్కులెన్ని, మనం చేద్దామనుకున్న పని చేయించే ప్రొఫెసర్ అక్కడున్నాడా లేడా, అన్నీ ఆరా తీసేది. తర్వాత వెల్లుల్లి ఒలుస్తూ, ఎటో చూస్తూ, పెదాలు కదిలించేది. అప్పుడు చెప్పేది: నాలుగు అనో, తొమ్మిది అనో. పదహారు ఎవరికీ ఇచ్చింది లేదు. సున్నా కూడా ఇవ్వలేదు. "సున్నా సచ్చినోళ్ళకు బేటా, మనకెందుకు" అనేది.

మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్ పక్కన. ఒకసారి మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చి, నాకు సీటొస్తే మేడారంలో సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకున్నట్టు ఆపాకు చెప్పింది. బంగారమంటే బెల్లమే, నా బరువుకు సరిపడా. ఆపా నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "అయితే జర ఎక్కువ తిను బేటా, సమ్మక్కకు తక్కువైతది" అంది. మా అమ్మ నవ్వి, మొక్కుకు ఒక్క అణా అయినా కలపమని అడిగింది.

"నేను గూడ దువా చేస్తాన వదినా. అణాలు మాత్రం పెంచ" అంది ఆపా.

మొదటి ఏడాది నాకు పది ఇచ్చింది. నేను నిశ్చింతగా ఉన్నాను. రాలేదు. ఉడుక్కుంటూ కిందికి దిగి "పదన్నవు గదా ఆపా" అంటే, "పదంటే ఆరు లేవని గూడ చెప్పినట్టే గదా" అని చాయ్ పెట్టింది. రెండో ఏడాది ఆరు ఇచ్చింది. ఇంటర్వ్యూ దాకా పోయాను. లోపల ముగ్గురు కూర్చుని ఉంటే నా ప్రాజెక్టు గురించి నేనే సరిగ్గా చెప్పలేకపోయాను. అదీ పోయింది. ఆ రోజు ఆమె లెక్కలేమీ మాట్లాడలేదు. పళ్ళెంలో అన్నం పెట్టి, "తిన్నంక ఏడువు. ఖాళీ కడుపుతోని ఏడిస్తే తలనొస్తది" అంది. ఆమె చెప్పినట్టే తిని ఏడ్చాను.

ఈ ఏడాది నేను అడగనే లేదు. ఫారమంతా నింపి, చివరి బటన్ నొక్కకుండా వదిలేశాను. రోజూ తెరిచి చూసేదాన్ని, మూసేసేదాన్ని. నాకు భయం. మూడోసారి కూడా కాదంటే నేను దేనికీ పనికిరానని తేలిపోతుంది. పంపకపోతే తేలదు కదా. మా నాన్న ఫోన్లో "ఇంక సాలు తియ్ బిడ్డా" అంటే కోపం రావాల్సింది పోయి హాయిగా అనిపించింది. దానికి ఇంకా భయం వేసింది.

అంతలో ఆపాకు ఆయాసం మొదలైంది. గుండె కవాటం పాడైందన్నారు. వయసుంది, షుగరుంది, ఆపరేషన్ చేస్తాం గానీ ఏమీ చెప్పలేమన్నారు. ఆపరేషన్ రోజు ఆమె మంచం పక్కన నేనే ఉన్నాను. నా ఫారానికీ ఆ రోజుతోనే గడువు.

"పంపినవా?" అని అడిగింది.

"లేదు ఆపా. భయమైతాంది."

భయపడకు అంటుందనుకున్నాను. "నాక్కూడ" అంది. ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట ఎన్నడూ వినలేదు.

"డాక్టర్ చెప్పింది నువ్వు గూడ విన్నవు గదా. నాకెన్నణాలు?"

"పద్నాలుగు" అన్నాను.

"నేను నీకెన్నడన్న ఎక్కువ చెప్పిన్నా?"

ఆమె కదలకుండా నా జవాబు కోసం చూస్తోంది. తప్పించుకునే దారి లేదు. "మూడు" అన్నాను. అన్నాక నోరు మూసుకున్నాను గానీ ఏం లాభం.

ఆపా పెదాలు కాసేపు కదిలాయి. "నేను గూడ మూడే అనుకున్న" అంది. "మూడంటే తక్కువేం గాదు బేటా. మూడున్నోళ్ళు అప్లై చెయ్యొచ్చు."

అప్పుడే స్ట్రెచర్ వచ్చింది. కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టింది. అవి లేకపోతే ఆమెకు ఏమీ కనపడదు. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర చెయ్యి ఊపింది, నేను లేని వైపుకు. అక్కడ కూర్చున్న ముసలాయన ఎవరో, పాపం, తనకే అనుకుని తిరిగి చెయ్యి ఊపాడు.

తలుపులు మూసుకున్నాయి. బెంచీ మీద కూర్చుని ఫోన్ తీశాను. రెండుసార్లు వేలు బటన్ పక్కన పడింది. మూడోసారి నొక్కాను.

దానికి జవాబు ఇంకా రాలేదు. ఇప్పటికీ ఫోను మోగితే ఒళ్ళు జల్లుమంటుంది. నా అణాలెన్నో లెక్కగట్టే మనిషి లేదు, ఆ లెక్క నాకు చేతకాదు. ఆమె లేని ఇంటి మీద ఉండాలంటే భయం, సీటొస్తే ఆ ఇల్లు వదిలి పోవాలన్నా భయమే.

ఆ రోజు బటన్ నొక్కిన వెంటనే ఆపాకు చెప్పాలనిపించి బెంచీ మీది నుంచి లేచాను. లోపలికి పోనివ్వరని తెలుసు. అయినా తలుపు దాకా నడిచి, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఆమె కళ్ళద్దాలు పట్టుకుని, ఎవరైనా తెరుస్తారేమోనని అక్కడే నిలబడ్డాను.