మా మామ నేర్పిన ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో అంటే మరీ పాత సంగతి అనుకోకండి. ఫోన్లు అప్పటికే చేతికి వచ్చాయి, తెలివే ఇంకా రాలేదు. ఇంజనీరింగు పూర్తిచేసి, బట్టల తయారీలో పైచదువు చదవాలని యూరప్‌లోని తొమ్మిది విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు పెట్టాను. ఎనిమిది చోట్ల ఎంతో మర్యాదగా వద్దన్నారు (అంత మర్యాదగా మా చుట్టాలు రమ్మని కూడా పిలవరు). తొమ్మిదో చోటివాళ్లు మాత్రం కంప్యూటర్లో అరగంట ఇంటర్వ్యూ చేస్తామనీ, నచ్చితే ఫీజు లేకుండా సీటు ఇస్తామనీ రాశారు. ఆ అరగంట పోతే చదువూ పోయినట్టే. ఫీజు కట్టి చదివే ఆలోచన మా ఇంట్లో ఎవరూ హాస్యానికైనా చేయలేదు.

చిక్కేమిటంటే, సిరిసిల్లలో మా ఇంటి ముందు గదిలో నాలుగు సాంచాలు (మరమగ్గాలను మేము అలాగే అంటాం) పొద్దున మొదలైతే ఆగవు. వాటి పక్కన పెరిగిన మేము గుసగుసలాడినా పక్క వీధివాళ్లు జవాబు చెబుతారు. మా బాపు తన సాంచాలు ఆ పూటకు బందు పెడతానన్నాడు గానీ, అటింటివీ ఇటింటివీ ఎదురింటివీ ఆపించడం ఆయన తరం కాదు. అందుకని పది రోజులు ముందుగానే నన్ను కోరుట్లలో మా మేనమామ ఇంటికి బస్సెక్కించారు. అక్కడ చప్పుడు లేదు. మామ ఉన్నాడు.

మామ పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడు. జగిత్యాల లాడ్జి హాళ్లలో కంపెనీలవాళ్లు పెట్టే ఇంటర్వ్యూలకు పదకొండుసార్లు వరుసలో నిలబడ్డాడు. మా వంశంలో ఇంటర్వ్యూ అనేదాన్ని కళ్లారా చూసింది ఆయనొక్కడే కనుక, నా తయారీ ఆయన చేతిలో పడటం సహజమని అందరూ ఒప్పుకున్నారు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఏ దేశమోడు చేసినా ఇంటర్వ్యూ ఇంటర్వ్యూనే. అడిగేటోడు కూసుంటడు, చెప్పేటోడు నిలబడ్తడు" అన్నాడు. "నేను గూడ కూసునుడే మామా, కంప్యూటర్ ముంగట" అన్నాను. ఆయన నియమం కొంచెం సడలించాడు. "సరే, కూసో. కని మనసుల నిలబడు."

ఇంటర్నెట్‌లో పెద్దలు చెప్పిన సలహాలన్నీ నేను నోటు పుస్తకంలో రాసుకొచ్చాను: తెలియనిది తెలియదనండి, చివర్లో మీరూ ఒక ప్రశ్న అడగండి, వగైరా. మామ విని, రాసినవాళ్ల మీద జాలిపడ్డాడు (ఆయన నోట 'వచ్చు' ఎప్పుడూ 'అచ్చు'). "ఏదడిగినా అచ్చు అనాలె. రాదన్నోని పాస్‌పోర్టు పక్కకు పడ్తది. ఎదురు ప్రశ్న అసలే ఎయ్యకు. మాతోటి ఒకడు, రూముల కూలర్ ఉంటదా సార్ అని అడిగిండు. గాడు ఇప్పటికీ కోరుట్లల్నే ఉన్నడు, కూలర్ ముంగట." ఆ తరువాత రోజూ పొద్దున మంచం మీద కూర్చుని కంపెనీవాడయ్యేవాడు. "వెల్డింగ్ అస్తదా?" "నాకెందుకు మామా, నేను చదువుకు పోతున్న." "గా చదువుల వెల్డింగ్ లేదని రాసిచ్చిండ్రా?" "లేదు." "మరి?" "అచ్చు సార్." "గట్ల చెప్పు."

మూడో రోజు నా అరచేతులు చూసి దిగులుపడ్డాడు. గల్ఫ్ ఇంటర్వ్యూల్లో మాటలకంటే ముందు చేతులు చూస్తారట. కాయలు కాసి ఉంటే పనిమంతుడు, లేకుంటే ఇంటికి. "ఇవి పరీక్షలు రాసిన చేతులు బిడ్డా. గీ చేతులను ఎవలు తీసుకుంటరు?" అని, పెరట్లో ఉన్న మొక్కజొన్న కంకుల కుప్ప ముందు నన్ను కూర్చోబెట్టాడు. వారం రోజులు ఒలిచాను. అత్తమ్మకు ఈ తయారీ పద్ధతి చాలా నచ్చింది. "ఇంకో రెండు ఇంటర్వ్యూలు రావాలె బిడ్డా, సగం కుప్ప అట్లనే ఉన్నది" అంది. కాయలైతే కాయలేదు. బొబ్బలు వచ్చాయి. వాటికి అత్తమ్మే పసుపు పూసింది.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం కంప్యూటర్ తెర మీద ఇద్దరు కనిపించారు. ఒక బట్టతల ప్రొఫెసరు, కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్ద ప్రొఫెసరమ్మ. మామ తలుపు తెర వెనకాల నిలబడ్డాడు. ప్రొఫెసరు ఏదో సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి, అది వచ్చా అని అడిగాడు. వచ్చన్నాను. ఇంకోటి అడిగాడు. అదీ వచ్చన్నాను. మూడోదాన్ని తమ విద్యార్థులు ఇంకా తయారుచేస్తూనే ఉన్నారనీ, అది బయటికే రాలేదనీ ఆయన నెమ్మదిగా చెప్పాడు. నేను వినయంగా తల ఊపాను. అప్పుడు ప్రొఫెసరమ్మ, మగ్గం మీద స్వయంగా పనిచేశారా అని అడిగింది. నేను రెండు అరచేతులూ ఎత్తి కెమెరాకు చూపించాను.

ఆమె ముందుకు వంగి చూసింది. "అయ్యో, మీ చేతులకు ఏమైంది?"

నేను నలభై జవాబులు బట్టీపట్టాను. దీనికి లేదు. లేకపోవడంతో నిజం చెప్పాల్సి వచ్చింది. ఇవి మగ్గం బొబ్బలు కావు, మొక్కజొన్నవి అన్నాను. మొదలుపెట్టాక ఆగలేక, మొదటి సాఫ్ట్‌వేర్ రాదు, రెండోదీ రాదు అన్నాను. మామకు ఇంగ్లిషు అంతంతే గానీ 'నో' అన్న మాటతో పాత పరిచయం ఉంది. నేను అన్న ప్రతిసారీ తలుపు తెర కదిలింది. "మరి మీకు వచ్చింది ఏమిటి?" అంది ఆమె, కోపం లేకుండానే. నాలుగు సాంచాలు నడుస్తుంటే పక్క గదిలో కూర్చుని, వాటిలో ఏది మొరాయించబోతోందో చప్పుడును బట్టి చెప్పగలను, ఎలా తెలుస్తుందో మాత్రం నాకు తెలియదు, అది తెలుసుకోవడానికే వస్తానంటున్నాను అన్నాను. ఇద్దరూ ఏదో రాసుకున్నారు. చివర్లో, మీరేమైనా అడుగుతారా అన్నారు. మీ దగ్గర మగ్గాలు చప్పుడు చేస్తాయా అని అడిగాను. బాగా చేస్తాయన్నారు.

కంప్యూటర్ తెర ఆరిపోగానే మామ లోపలికి వచ్చాడు. "ఎదురు ప్రశ్న గూడ ఏసినవా?" "ఒక్కటే మామా." "కూలర్ గురించా?" "చప్పుడు గురించి." ఆయన మంచం మీద కూలబడ్డాడు. "నడువు బిడ్డా, మక్కలన్న ఒలుద్దాం."

మూడు వారాలకు సీటు ఇచ్చినట్టు ఉత్తరం వచ్చింది. "నేను చెప్పలే? చేతులు" అన్నాడు మామ. నేను మాత్రం చదువుకని ఇక్కడికి, యూరప్‌కు, వచ్చిన కొత్తలో, నిజం చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో అంటూ ఈ కథను అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. మామకు ఫోన్‌లోనూ చెప్పాను. ఆయన దాన్ని శ్రద్ధగా విని, జగిత్యాల ఇంటర్వ్యూకు పోతున్న పక్కింటి వెల్డరుకు అదే నేర్పాడట. ఎత్తు మీద పని వస్తుందా అని అడిగితే ఆ వెల్డరు, లేదు సార్, నాకు కళ్లు తిరుగుతాయని నిజం చెప్పి, పగటి అన్నం వేళకు ఇంటికి చేరాడు. మరుసటి నెల మళ్లీ పోయి అన్నీ వచ్చన్నాడు. ఇప్పుడు ఏదో ఎత్తైన మేడ మీద, కిందికి చూడకుండా పనిచేస్తున్నాడట.

"నీ పద్ధతి ఈడ నడ్వది బిడ్డా" అన్నాడు మామ. "ఆడ రాదంటే, మరి ఏం అచ్చు అని అడిగిండ్రు. ఈడ రాదంటే లైన్ల ఎనుకున్నోన్ని పిలుస్తరు."

"పదకొండుసార్లు నీ చేతులు చూసిండ్రు గద మామా, ఏమైంది అని ఒక్కలన్న అడిగిండ్రా?"

"ఎందుకు అడుగుతరు? వాళ్లకు కావాల్సిందే గా కాయలు."

ఇప్పటికీ ఈ కథ చెబుతుంటాను. ధైర్యం అన్న మాట మాత్రం తీసేశాను. కథ కొంచెం పొట్టిదైంది.