యాభై ఏళ్ల వరదను అరబ్బీలో చెప్పడం

1976లో, చలికాలం మొదలవుతుండగా, నన్ను మస్కట్‌లో ఒక రోడ్డు పథకానికి సహాయ ఇంజనీరుగా వేశారు. అంతకు ముందు ఆంధ్రలో నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి వాన నీటి లెక్కలు, కల్వర్టులు నా వంతుకొచ్చాయి. మాది కన్సల్టెంటు కంపెనీ. అంటే రోడ్డు మేము వెయ్యం. ఎక్కడ, ఎలా వెయ్యాలో ప్రభుత్వానికి చెప్పి, కాంట్రాక్టరు వేస్తుంటే సరిగా వేస్తున్నాడో లేదో చూస్తాం. సైటు మీద ఆ బాధ్యతంతా మోసే అధికారిని రెసిడెంట్ ఇంజనీర్ అంటారు. మా రెసిడెంట్ ఇంజనీర్ హార్వే అనే ఇంగ్లీషాయన. నేను ఆయన తర్వాతివాణ్ణి.

బౌషర్ అనే ఊరు దాటాక మా రోడ్డుకు ఒక వాడి అడ్డం వస్తుంది. వాడి అంటే ఎండు వాగు. ఏడాదిలో ఎక్కువ కాలం అందులో గులకరాళ్ళూ మేకలూ తప్ప మరేమీ కనిపించవు. కొండల మీద వాన పడితే మాత్రం, మన నెత్తిన చినుకు రాలకపోయినా, నీరు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. కిందటి చలికాలంలో ఒక పికప్పు అలాగే కొట్టుకుపోయింది. బండి దొరికింది గాని నడిపినవాడు దొరకలేదు. వాగుకు అవతల ఊళ్ళున్నాయి. ఆసుపత్రి ఇవతల ఉంది.

రోడ్డును వాగు దాటించడానికి రెండు పద్ధతులు. ఒకటి చప్టా: వాగు అడుగునే కాంక్రీటు పరిచి వదిలేస్తాం. వరద వస్తే నీరు దాని మీదుగా పోతుంది, రాకపోకలు ఆగిపోతాయి. రెండోది బాక్స్ కల్వర్టు: రోడ్డును పైకెత్తి, కింద కాంక్రీటు పెట్టెల్లాంటి దారులు కట్టి, వాటిలోంచి నీటిని పంపిస్తాం. చప్టా త్వరగా పూర్తవుతుంది. మంత్రిత్వ శాఖ కమిటీకి అదే నచ్చిందని మాకు కబురు అందింది. కల్వర్టే ఎందుకు కావాలో చెప్పడానికి కమిటీ ముందు ఒక ప్రెజెంటేషన్ ఇవ్వాలి. హార్వే సిద్ధమవుతుండగానే ఆయనకు కామెర్లు వచ్చాయి.

ఆసుపత్రి మంచం మీద, పసుపెక్కిన కళ్ళతో, ఆయన నాకు ఒక లావుపాటి ఫైలు అప్పగించారు. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టి చూపించే పారదర్శకపు షీట్లన్నీ అందులో ఉన్నాయి. సర్వే, మట్టి పరీక్షలు, వాన లెక్కలు, డిజైను, చిట్టచివర సిఫారసు. వరస మార్చవద్దని మాత్రం చెప్పారు.

ఆ తర్వాతి వారాలు నాకు కాలు నిలవలేదు. మీటింగు తేదీ ఖాయమయ్యేది, మళ్ళీ ఫోనొచ్చేది, వాయిదా పడేది. వాయిదా పడ్డప్పుడల్లా షీట్లు తీసి ఏదో ఒకటి మార్పించేవాణ్ణి. మా డ్రాఫ్ట్స్‌మన్ రాజన్నది కరీంనగర్ వైపు. సహనం ఉన్న మనిషే. ఒకరోజు పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

“సార్, నిన్న గిట్ల గీయమంటిరి, ఇయ్యాల గట్ల గీయమంటున్నరు. గా బొమ్మ ఏదో ఒక్కతీరుగ చెప్పుండ్రి. మళ్ళ కంపెనీ బస్సు పోతది నాకు.”

ఇంట్లోనూ అదే పరిస్థితి. మస్కట్‌లో రువీ అనే పేటలో మా ఫ్లాటు. ముందుగది చిన్నది. భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ ప్రసంగం వల్లె వేసుకునేవాణ్ణి. మా ఆవిడ సరోజ బియ్యం ఏరుకుంటూ వినేది.

“అబ్బ, కాస్త కూర్చోండి. మీరు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి,” అందొకసారి. తర్వాత, “ఇంతకీ వాళ్ళని ఏం చెయ్యమంటున్నారండీ?” అని అడిగింది.

అది చివర్లో వస్తుందన్నాను.

“అప్పటిదాకా వాళ్ళు ఏమనుకుంటూ వినాలి?”

నాకు చిరాకేసింది. మళ్ళీ మొదటి షీటు నుంచి వల్లె వేయడం మొదలుపెట్టాను.

ఆఖరికి తేదీ నిలబడింది. మీటింగు ఇంకా కొద్ది రోజులుందనగా మంత్రిత్వ శాఖ నుంచి మరో సంగతి తెలిసింది. కమిటీ సభ్యుల్లో కొందరికి ఇంగ్లీషు రాదు. నేను చెప్పే ప్రతి మాటనూ దుబాసీ అరబ్బీలో చెబుతాడు. అంటే నాకిచ్చిన వ్యవధిలో సగం అతనిదే. ఫైలులో ఉన్నదంతా చెప్పడం ఇక జరిగే పని కాదు.

దుబాసీ పేరు సాలిం. జాంజిబార్‌లో పుట్టి పెరిగి, ఈమధ్యే స్వదేశానికి తిరిగొచ్చిన ఒమానీ. ఇంగ్లీషు నాకంటే బాగా మాట్లాడతాడు. ముందుగా ఒకసారి కలిసి కూర్చుందామని నేనే అడిగాను. కహ్వా అనే అక్కడి కాఫీ కప్పులు ముందు పెట్టుకుని, షీట్లు ఒక్కొక్కటే చూస్తూ వచ్చాడు. వాన లెక్కల షీటు దగ్గర ఆగాడు.

“ముహందిస్,” అన్నాడు. అరబ్బీలో ఇంజనీరును అలా పిలుస్తారు. “యాభై ఏళ్ల వరద అని రాశారు. ఇది నేను అరబ్బీలో చెబితే వాళ్ళకి ఏం అర్థమవుతుందో తెలుసా?”

యాభై ఏళ్ల వరద అనేది మా వృత్తిలో నిత్యం వాడే మాట. ఏ ఏడాదైనా అంత వరద వచ్చే అవకాశం యాభైలో ఒక వంతు అని దాని అర్థం. ఈ ఏడాది రావచ్చు, వచ్చే ఏడాదీ రావచ్చు. అదే వివరించాను.

“మీరు చెప్పింది నాకు తెలిసింది. వాళ్ళు మాత్రం, కిందటేడు వచ్చింది కదా, ఇక మన పిల్లలు ముసలివాళ్ళయ్యేదాకా రాదు అనుకుంటారు. అప్పుడు చప్టా చాలు అంటారు. మీ లెక్కతోనే మీ కల్వర్టును మీరే కొట్టేసుకున్నట్టవుతుంది.”

నేను బయటికొచ్చి కారులో కూర్చున్నాను గాని వెంటనే బయల్దేరలేకపోయాను. వేళ్ళు స్టీరింగు మీద దరువేస్తూనే ఉన్నాయి. అక్కణ్ణుంచి నేరుగా హార్వే దగ్గరికి వెళ్ళి, వరస మారుస్తున్నానని చెప్పాను. సిఫారసు మొదటి మాటగా చెబుతాను, లెక్కల షీట్లు ఎవరైనా అడిగితేనే తీస్తాను అన్నాను. తానైతే అలా చెయ్యనన్నారు హార్వే. చేసేవాడివి నువ్వు కాబట్టి, బెడిసికొడితే కంపెనీకి సంజాయిషీ కూడా నువ్వే ఇచ్చుకోవాలన్నారు. ఒప్పుకున్నాను.

మర్నాడు ఉదయం రాజన్నను వెంటబెట్టుకుని వాగు దగ్గరికి వెళ్ళాను. ఒడ్డున పాత తోట గోడ ఒకటుంది. దాని మీద కిందటి వరద వదిలిన బురద చార స్పష్టంగా కనిపిస్తోంది. మట్టం కొలిచి రాసుకున్నాక, రాజన్నను ఆ గోడ పక్కన చెయ్యెత్తి నిలబడమన్నాను. చార అతని వేళ్ళ కొసల కంటే పైనే ఉంది.

“ఫోటో ఇంటికి పంపొద్దు సార్,” అన్నాడు రాజన్న. “నేను గోడకు సున్నమేస్తున్న అనుకుంటది మా అమ్మ.”

ఆ ఫోటోను షీటు మీదికి ఎక్కించాం. దాని కిందే, అదే కొలతతో, చప్టా ఎక్కడుంటుందో ఒక గీత, కల్వర్టు మీద రోడ్డు ఎక్కడుంటుందో ఇంకో గీత గీయించాను. ఈసారి రాజన్న కంపెనీ బస్సు వేళకు ముందే గీసిచ్చేశాడు.

మీటింగు రోజున కమిటీ అధ్యక్షుడైన డైరెక్టర్ మధ్యలో కూర్చున్నారు. అక్కడివాళ్ళు ఆయన్ని ముదీర్ అంటారు. ఆయనకు కుడివైపున, వాగు అవతలి ఊళ్ళ తరఫున వచ్చిన షేక్, అంటే ఊరిపెద్ద, ఒకాయన ఉన్నారు. గడ్డం నెరిసినా వెన్ను నిటారుగా ఉన్న మనిషి. మొదటి వాక్యం చెప్పాను: “ఈ వాగు మీద మీరు కల్వర్టు కట్టాలని అడగడానికి వచ్చాను.” సాలిం దాన్ని అరబ్బీలో చెప్పాడు. ముదీర్ చేతిలో కాగితాలు పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

చిన్న చిన్న మాటల్లో సంగతి చెప్పుకుంటూ వెళ్ళాను. వాగు ఎక్కడుంది, ఆసుపత్రి ఎక్కడుంది, నీరొస్తే దారి ఎలా మూసుకుపోతుంది. తర్వాత ఫోటో పెట్టి, “కిందటి చలికాలంలో నీరు ఇక్కడిదాకా వచ్చింది,” అన్నాను.

షేక్ లేచారు. తెర దగ్గరికి నడిచి వచ్చి, ఫోటోను దగ్గరగా చూసి, గట్టిగా ఏదో అన్నారు. గదిలో ఇంకొకరు అడ్డు చెప్పారు. నేను సాలిం వైపు చూశాను.

“నీరు ఇంతకంటే పైకి వచ్చిందంటున్నారు,” అన్నాడు మెల్లగా. “కిందటేడు కాదు, ఆయన చిన్నతనంలో. గోడ పైదాకా వచ్చిందట. రెండో ఆయన కాదంటున్నాడు.”

వాదన పెరిగింది. ముదీర్ కూడా అందులో దిగారు. నాకేమీ అర్థం కావడం లేదు. నా వ్యవధి కరిగిపోతోంది. చెప్పాల్సినవి ఇంకా ఎన్నో మిగిలే ఉన్నాయి. చెయ్యి దానంతటదే తర్వాతి షీటు మీదికి పోయింది. సాలిం నా మణికట్టు పట్టుకున్నాడు.

“మాట్లాడకండి ముహందిస్. మీ పని వాళ్ళే చేస్తున్నారు. నీరు ఎంత ఎత్తు వచ్చిందనే వాదిస్తున్నారు గాని, మళ్ళీ రాదని ఎవరూ అనడం లేదు.”

అలా నిలబడి ఉండటం నాకు ఆ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని అనిపించింది. ప్రొజెక్టర్ వేడి నా మోచేతికి తగులుతోంది. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, అర్థం కాని భాషలో నా పథకం ఏమవుతోందో ముఖాలు చూసి ఊహించుకుంటూ నిలబడ్డాను.

చివరికి ముదీర్ నా వైపు తిరిగి ఇంగ్లీషులోనే అడిగారు. షేక్ చెప్పినంత నీరొస్తే నీ కల్వర్టు తట్టుకుంటుందా? అంత నీరు పూర్తిగా కిందనుంచే పోదని చెప్పాను. అంత వరదకు రోడ్డు మీదికి కాసేపు నీరొస్తుంది, కల్వర్టు మాత్రం నిలుస్తుంది, నీరు తీయగానే బళ్ళు తిరుగుతాయి అన్నాను. కిందటేటి మట్టానికైతే అసలు మూయాల్సిన అవసరమే రాదన్నాను. ఆయన ఆ జవాబును సాలింకు వదలకుండా తానే షేక్‌కు చెప్పారు. షేక్ తలూపి వెళ్ళి కూర్చున్నారు.

కల్వర్టుకు ఆమోదం ఆ గదిలోనే వచ్చింది. హార్వే కోలుకుని పనిలోకి వచ్చాక సమావేశపు మినిట్స్ చదివారు. లెక్కల షీట్లు ఎవరైనా అడిగారా అన్నారు. ఎవరూ అడగలేదని చెప్పాను. ఆయన ‘ఊఁ’ అని ఫైలు మూసేశారు. తర్వాతి కమిటీకి నన్నే పంపారు.

కల్వర్టు పూర్తయ్యాక వచ్చిన చలికాలంలో వాగుకు నీరొచ్చింది. పెద్ద వరదేమీ కాదు. అవతలి ఊళ్ళ బళ్ళు ఆగకుండా తిరిగాయి.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో కమిటీల ముందు నిలబడ్డాను. ప్రతిసారీ రెండు పనులు చేశాను. వినేవాళ్ళు ఏం నిర్ణయించాలో మొదటి వాక్యంలోనే చెప్పాను. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టగానే నోరు మూసుకున్నాను. మొదటిది తొందరగానే అలవాటైంది. రెండోది ఎప్పుడూ కష్టంగానే ఉండేది.