నాయన ఎంచుకున్న రాయి

మార్కాపురం పలకల గనుల్లో పనిచేసేవాడికి దగ్గు వస్తే ఇంకేమీ అడగరు. దుమ్ము పట్టింది, అంతే. నాయనకు దగ్గు, ఆయాసం, కుడిపక్క నొప్పి మొదలైనప్పుడు అమ్మ కూడా అదే అనుకుంది. నాయన ఇంకో అడుగు ముందుకేశాడు. గనిలోంచి మచ్చలేని నల్లరాయి ఒకటి మోయించుకొచ్చి, తన సమాధికని వాకిట్లో కూర్చుని నున్నగా రుద్దడం మొదలుపెట్టాడు. ఆ గరగర వింటుంటే నాకు ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది.

అప్పుడు నాకు ఏడేళ్లు. నాకొక సంగతి తెలుసు, పైకి చెప్పడానికి లేదు. అంతకుముందు వానల్లో గనిగుంట నీళ్లు తాగి నాయనకు చాలా రోజులు రక్త విరేచనాలయ్యాయి. చెంబు మోసుకెళ్లిన నేనే చూశాను.

"ఎవురికీ చెప్పొద్దు పాపా. మేస్త్రికి తెలిస్తే పనిలోకి రానీడు" అని బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. ఆ జబ్బు తగ్గింది. ఒట్టు మాత్రం నా మీదే ఉండిపోయింది.

ఊపిరాడక నాయన పడుకోలేకపోతుంటే, అమ్మ బండి కట్టించి మిషను ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారిలో నేను ఒక్కచోట కూర్చుంటేనా! దిగి నడిచాను, మళ్లీ ఎక్కాను, అమ్మ చేత మొట్టికాయలు తిన్నాను.

డాక్టరమ్మ వీపులో సూది గుచ్చి, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసింది. చింతపండు గుజ్జులా చిక్కగా, ఎర్రమట్టి రంగులో వచ్చింది.

"దుమ్ము రోగానికి ఇట్లా రాదే. ఎప్పుడైనా నెత్తురు విరేచనాలు అయ్యాయా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాడు నాయన.

"అయినాయి!" అని అరిచాను. "అబద్ధమెందుకు నాయనా? నేను చూసినా గదా!"

నాయన తల దించుకున్నాడు. దేవుడు నన్నేం చేస్తాడోనని మంచం కోడు పట్టుకుని ఏడ్చాను.

పేగుల్లో చేరిన కంటికి కనపడని పురుగు కాలేయంలో చీము పట్టించిందట. ఆ గడ్డ పగిలి చీము పైకి, ఊపిరితిత్తి చుట్టూ చేరిందట. "దీనికి మందుంది" అంది డాక్టరమ్మ. అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. రోజూ సూదిమందు వేశారు, మంచం దిగనివ్వలేదు. నాయన బతికాడు.

ఇంటికొచ్చాక ఆయన ఆ రాయి ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టినదాన్ని కదా, నేను దగ్గరికి పోలేదు.

"ఇట్ల రా" అని ఆయనే పిలిచాడు. ఉలితో రాయి నుంచి పలచని పొర ఒకటి చీల్చి, అంచులు అరగదీసి, నా ఒళ్లో పెట్టాడు. బండ్లకొద్దీ పలకలు మద్రాసుకు పంపే ఊళ్లో, మా ఇంటికి అదే మొదటి పలక.

"రేపట్నించి బడికి పో" అన్నాడు.

నేను అ ఆలు దిద్దుకుంది మా నాయన సమాధి రాయి మీద.